టౌన్ స్టేషన్ గడప



మన చిన్న పట్టణాల్లో జిల్లా కలెక్టరు పేరు తెలియనివాళ్లు చాలామందే ఉంటారు. తహసీల్దారు ఎవరో, మునిసిపల్ కమిషనర్ ఎప్పుడు మారారో అవసరం పడితే గానీ ఎవరూ కనుక్కోరు. టౌన్ సి.ఐ. మారితే మాత్రం ఆ సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. టీ కొట్టు దగ్గరా, ఆటోస్టాండులో, కూరగాయల మార్కెట్టులో అదే మాట. "కొత్తాయన గట్టివాడంట." "ఇంతకుముందు ఎక్కడ చేశాడంట?" "ఎవరి మనిషంట?" ఈ మూడో ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది. ఊరందరి కోసం వచ్చిన అధికారి ఎవరో ఒకరి మనిషి అయి ఉంటాడని జనం ముందే అనుకోవడం చిన్న విషయం కాదు. ఈ రోజు నా ప్రసంగం ఆ అధికారి ఉద్యోగం గురించి. ఆయన చేయవలసినదేమిటి, ఆయన దగ్గర మనం అడగవలసినదేమిటి అన్న దాని గురించి.

తెనాలి, కావలి, ఆదోని వంటి ఊళ్లను మనసులో పెట్టుకోండి. జిల్లా ఎస్.పి. కూర్చునేది జిల్లా కేంద్రంలో. డి.ఎస్.పి. చేతికింద నాలుగైదు సర్కిళ్లు ఉంటాయి. టౌన్ స్టేషన్లో ఉండి, రాత్రింబగళ్లు ఊరికి జవాబుదారీగా ఉండేది ఇన్‌స్పెక్టర్, అంటే మనం సి.ఐ. గారు అని పిలిచే మనిషి. చిన్న ఊళ్లలో ఎస్.ఐ.యే ఆ కుర్చీలో ఉంటారు. ఇప్పుడు చాలా స్టేషన్లలో మహిళా అధికారులూ ఆ బాధ్యత మోస్తున్నారు. చట్టంలో "స్టేషన్ బాధ్యుడైన అధికారి" అని ఎక్కడ రాసి ఉన్నా అది వీరిని గురించే. ఫిర్యాదు తీసుకోవడం, కేసు కట్టడం, దర్యాప్తు, అరెస్టు, శవపంచనామా, అల్లర్లు రాకుండా చూడటం, వచ్చాక అదుపు చేయడం అన్నీ ఆ మాట కిందికే వస్తాయి.

ఇంత పనికి ఉండే బలగం ఎంత? ఇద్దరు ముగ్గురు ఎస్.ఐ.లు, కొందరు ఏ.ఎస్.ఐ.లు, హెడ్ కానిస్టేబుళ్లు, కానిస్టేబుళ్లు, హోంగార్డులు. దేశం మొత్తం మీద చూస్తే లక్ష మంది జనానికి నిజంగా పనిలో ఉన్న పోలీసులు సుమారు 150 మంది. అందులో సాయుధ బలగాలూ, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లూ పోగా ఊరి స్టేషన్‌కి మిగిలేది ఇంకా తక్కువ.

ఒక మామూలు రోజు చూద్దాం. పొద్దున్నే రోల్‌కాల్. సిబ్బందిని వరుసగా నిలబెట్టి ఎవరు ఎక్కడికో చెబుతారు. ఒక కానిస్టేబుల్ కోర్టు డ్యూటీకి, ఇద్దరు సమన్లు, వారంట్లు పట్టుకుని ఊళ్ల మీదికి, ఒకరు ఆసుపత్రి మార్చురీకి, మిగిలినవాళ్లు ట్రాఫిక్‌కీ, బ్యాంకు బీటుకీ. మంత్రిగారు వస్తే ఆ లెక్కంతా తారుమారు. స్టేషన్లో సెంట్రీ, లోపల రైటర్. ఈ రైటర్ అనే మనిషి గురించి ఎవరూ మాట్లాడరు గానీ స్టేషన్‌కి ఆయనే ప్రాణం. జనరల్ డైరీలో ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, ఏ కబురు ఏ గంటకి అందింది అన్నీ రాయాలి. ఆ డైరీలో ఒక గంట అటూ ఇటూ అయితే మూడేళ్ల తర్వాత కోర్టులో డిఫెన్సు వకీలు ఆ గంటనే పట్టుకుని కేసునంతా లాగేస్తాడు. నేను ముఫసిల్ కోర్టులో ప్రాక్టీసు చేసిన మనిషిని కాబట్టి ఆ లాగుడు ఎలా ఉంటుందో బాగా తెలుసు.

అన్ని పనుల్లోకీ మొదటి పని ఏదని నన్ను అడిగితే, రాసుకోవడం అంటాను. సిఫార్సు లేనివాడు, కూడా ఎవరూ లేని ఆడమనిషి, అక్షరం రాని కూలీ స్టేషన్ గడప తొక్కి తనకి జరిగింది చెప్పుకుంటే దాన్ని చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం. దొంగల్ని పట్టుకోవడం, ప్రెస్‌మీట్లు పెట్టడం అన్నీ దాని తర్వాతి సంగతులు. టౌన్ పోలీసు అధికారి మంచివాడా కాదా అని తేల్చడానికి నా దగ్గర ఉన్న కొలత ఇదొక్కటే.

ఎందుకింత పట్టుదలగా అంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. పందొమ్మిదో శతాబ్దం నడుమ దాకా మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఉన్న మద్రాసు రాజధానిలో శిస్తు వసూలు చేసేవాళ్లే పోలీసులు కూడా. తహసీల్దారు చేతిలోనే పన్నూ, లాఠీ రెండూ ఉండేవి. శిస్తు కట్టలేని రైతుల వేళ్లను కర్రల మధ్య పెట్టి బిగించేవారనీ, మనుషుల్ని వంచి కట్టి ఎండలో నిలబెట్టేవారనీ ఆరోపణలు లండన్ పార్లమెంటు దాకా వెళ్లాయి. ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. 1855లో ఆ సంఘం ఇచ్చిన నివేదిక పేరే చిత్రహింసల మీద నివేదిక. దాని పర్యవసానంగా పోలీసుల్ని రెవెన్యూ నుంచి విడదీసి 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం తెచ్చారు. మిగతా బ్రిటిష్ ప్రాంతాల్లో చాలావాటికి 1861 చట్టం వచ్చింది. తెలంగాణలో నిజాం ప్రభుత్వం సొంత పోలీసును నడుపుకుంది. అక్కడి పల్లెల్లో పోలీసు పటేలు, ఠాణాలో అమీను. ఫసలీ కాలమానంలో 1329వ సంవత్సరం నాటి జిల్లా పోలీసు చట్టం ఆ ప్రాంతానిదే.

జనాన్ని హింస నుంచి కాపాడాలని మొదలైన సంస్కరణే అది. కానీ తెచ్చుకున్న నమూనా మాత్రం జనం కోసం తయారైనది కాదు. 1829లో లండన్ నగరానికి రాబర్ట్ పీల్ పెట్టిన పోలీసు ఆయుధం లేకుండా, ఊరివాళ్ల మధ్య తిరిగే పోలీసు. మనకి తెచ్చింది అది కాదు. ఐర్లండును అణచి ఉంచడానికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న కాన్‌స్టాబులరీ పద్ధతిని 1843లో సింధును గెలిచిన చార్లెస్ నేపియర్ అక్కడ అమలు చేశాడు. ఆ అచ్చులోనే దేశంలో మిగతా పోలీసు తయారైంది. ఆ పోలీసు పైవాడికి జవాబు చెబుతుంది, కిందివాడి మీద కన్నేసి ఉంచుతుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదట చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద దాడి చేశాడంటే తుపాకుల కోసమే కాదు. మన్యం మనిషికి తెల్లదొర అంటే కళ్లముందు కనిపించేది ఆ స్టేషనే.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం వచ్చింది గానీ స్టేషన్ గడప అంత తొందరగా మారలేదు. ఇప్పటికీ పరువుగల మనిషి స్టేషన్‌కి వెళ్లాల్సి రావడం ఇంటికే అప్రదిష్ట అనుకునేవాళ్లు ఉన్నారు. వెళ్లేటప్పుడు తోడుగా ఒక పెద్దమనిషిని, వార్డు కౌన్సిలరునో పార్టీ నాయకుడినో వెంటబెట్టుకుని వెళతారు. ఆ తోడు వచ్చినవాడికి తర్వాత ఋణపడి ఉంటారు. నూటయాభై ఏళ్ల నాటి భయం ఇప్పటికీ ఊరి రాజకీయానికి పెట్టుబడిగా ఉపయోగపడుతోంది.

ఇక ఫిర్యాదు రాసుకోవడం దగ్గరికి వద్దాం. కాగితం ఇచ్చిన మనిషితో, "పెట్టి వెళ్లండి, పిలుస్తాం" అంటారు. ఆ కాగితం పిటిషన్ అవుతుంది, కేసు కాదు. ఎదుటివాణ్ణి పిలిపిస్తారు, ఇద్దర్నీ బల్ల ముందు నిలబెడతారు, రాజీ అంటారు. ఎందుకిలా? దానికి కారణాలు ఉన్నాయి, అవన్నీ చెడ్డ ఉద్దేశాలే కావు. కేసు కడితే దర్యాప్తు చేయాలి, దర్యాప్తుకి మనిషి లేడు. కేసుల సంఖ్య పెరిగితే నెలవారీ క్రైమ్ సమీక్షలో పై అధికారి "మీ టౌన్లో నేరాలు పెరిగాయేం?" అని నిలదీస్తాడు. కేసులు కట్టిన నిజాయితీపరుడి ఊరు లెక్కల్లో నేరాల ఊరుగా కనిపిస్తుంది. కేసులు కట్టనివాడి ఊరు ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈ ఒక్క పద్ధతి మారితే స్టేషన్లలో చాలా మారుతుందని నా నమ్మకం. పై అధికారులు నమోదైన కేసుల సంఖ్యని తప్పుగా చూడటం మానేసి, నమోదు కాని ఫిర్యాదుల గురించి అడగాలి.

చట్టమైతే స్పష్టంగానే ఉంది. పోలీసు తనంతట తాను దర్యాప్తు చేయదగిన నేరం గురించి ఫిర్యాదు వస్తే ఎఫ్.ఐ.ఆర్. కట్టి తీరాలని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షను దీన్ని ఇంకా తేటపరిచింది. నేరం ఏ స్టేషన్ హద్దులో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే మనం జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నాం. ఫోనులోనో కంప్యూటరులోనో పంపిన ఫిర్యాదు మీద మూడు రోజుల్లో వచ్చి సంతకం చేస్తే చాలు, నమోదు చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. లైంగిక నేరాల బాధితురాలి మాటను మహిళా అధికారి రాసుకోవాలి. మూడేళ్లకి తక్కువ కాకుండా, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డి.ఎస్.పి. అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు పెట్టారు. ఈ వీలును అవసరం ఉన్నచోటే వాడాలి. ప్రతి ఫిర్యాదునీ పక్కన పెట్టడానికి దీన్ని సాకుగా చేసుకుంటే పాత రోజులే మళ్లీ వస్తాయి. దర్యాప్తు ఎందాకా వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకి చెప్పాలన్న నియమం కూడా ఇప్పుడు ఉంది. ఊళ్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇందులో ఒక్క రకం ఫిర్యాదు గురించి ఆగి చెప్పాలి. అమ్మాయి కనబడటం లేదని తల్లీతండ్రీ రాత్రి తొమ్మిదింటికి స్టేషన్‌కి వస్తారు. "చుట్టాలింటికి వెళ్లి ఉంటుంది, రేపు చూద్దాం." "ఎవరితోనైనా మాట్లాడుతూ ఉండేదా?" ఈ రెండు మాటలూ ఎన్ని స్టేషన్లలో ఎన్నిసార్లు పలికి ఉంటారో! తప్పిపోయిన పిల్లల విషయంలో ప్రతి ఫిర్యాదునీ ఎఫ్.ఐ.ఆర్.గా నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలోనే ఆదేశించింది. ఎందుకంటే పిల్ల దక్కేదీ దక్కనిదీ తరచు ఆ మొదటి కొద్ది గంటల్లోనే తేలిపోతుంది. ఆ రాత్రి బస్టాండులో, రైల్వేస్టేషన్లో కెమెరాలు చూడాలి, సెల్ టవర్ వివరం అడగాలి, పక్క స్టేషన్లకి కబురు పంపాలి. అమ్మాయి గుణగణాలు ఆ సమయంలో ఎవరికీ అక్కర్లేదు. తల్లిని ఆ ప్రశ్న అడిగిన అధికారి ఆమెను ఇంకో రకంగా శిక్షిస్తున్నాడు. నేను ఈ మాట కోపంతోనే అంటున్నాను.

ఇలాగే గంటల మీద ఆధారపడిన మరో ఫిర్యాదు ఇటీవలి ఏళ్లలో ముంచుకొచ్చింది. పింఛను డబ్బు బ్యాంకులో పెట్టుకున్న రిటైర్డ్ మాస్టారికి ఫోను వస్తుంది. "డిజిటల్ అరెస్టు" అంటారు, వీడియోలో యూనిఫారం చూపిస్తారు, ఉన్నదంతా పంపించుకుంటారు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. వెంటనే 1930 నంబరుకి చెబితే ఆ డబ్బు ఇంకో ఖాతాకి పోకముందే ఆపే అవకాశం ఉంటుంది. మాస్టారు ముందు స్టేషన్‌కే వస్తారు, ఎందుకంటే ఆయనకి తెలిసింది అదే. అక్కడ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కి "మాస్టారూ, కూర్చోండి, ముందు ఈ నంబరు చేద్దాం" అనడం నేర్పి ఉంచడం సి.ఐ. బాధ్యత. ఆయన ఒక్కరికీ తెలిస్తే చాలదు.

పొలం గట్టు తగాదా, ఇంటి గోడ తగాదా, చేబదులు అప్పు, ఇవి ఇంకో తీరు. ఇవి సివిల్ వ్యవహారాలు, కోర్టుకి వెళ్లాల్సినవి. జనం మాత్రం స్టేషన్‌కే వస్తారు, ఎందుకంటే సివిల్ కోర్టులో దావా తేలేసరికి తాత వేసిన దావా మనవడికి చేరుతుంది. సి.ఐ. ఒక్కమాట గద్దిస్తే వారంలో తేలిపోతుందని ఆశ. ఇక్కడే స్టేషన్ పంచాయితీలు పుట్టాయి, సెటిల్‌మెంట్లు పుట్టాయి. ఖాళీ ప్రాంసరీ నోటు మీద సంతకాలు, పొలం కాగితాలు బల్ల మీద పెట్టించడం అన్నీ అక్కడినుంచే. తగాదాలో ఎవరిది ఒప్పో తేల్చే అధికారం పోలీసుకి లేదు. కానీ గట్టు దగ్గర రేపు గొడ్డళ్లు లేస్తాయన్న అనుమానం ఉంటే, అది పూర్తిగా ఆయన పనే. రెండు వైపులవాళ్లనీ బైండోవర్ చేయించాలి, అంటే శాంతిగా ఉంటామని మేజిస్ట్రేటు ముందు పూచీకత్తు రాయించాలి. "మీ హక్కు కోర్టులో తేల్చుకోండి, మీ ప్రాణం నేను చూసుకుంటాను" అని చెప్పగలిగిన అధికారిని జనం చాలా కాలం తలుచుకుంటారు.

ప్రేమించి పెళ్లి చేసుకున్న జంట మెడలో దండలతో సహా స్టేషన్‌కి రావడం మన పట్టణాల్లో మామూలు దృశ్యమే. అమ్మాయి మేజరైతే చట్టపరంగా మాట్లాడేదేమీ లేదు. ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్లాలనుకుంటే అక్కడికి భద్రంగా పంపాలి. తల్లిదండ్రులు బయట ఏడుస్తుంటారు, కులపెద్దలు లోపలికి వచ్చి కూర్చుంటారు. "ఒక్కసారి మాట్లాడనివ్వండి సార్" అంటారు. మాట్లాడనివ్వడంలో తప్పు లేదు, అప్పగించడంలోనే ఉంది. 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకి రక్షణ ఇవ్వడం పోలీసుల విధి అని, బెదిరింపు ఉందంటే సురక్షిత వసతి చూపించాలని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి, గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తుండగా నరికి చంపారు. ఆసుపత్రి కెమెరా దాన్ని పట్టింది. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. ఆరున్నరేళ్లు పట్టినా శిక్ష పడింది. మొదటి రోజుల్లో సేకరించిన కెమెరా దృశ్యాలు, సాక్షుల మాటలు, డబ్బు చేతులు మారిన ఆధారాలు ఇన్నేళ్ల తర్వాత కోర్టులో నిలబడితేనే అలాంటి తీర్పు వస్తుంది. స్టేషన్లో రాసే ప్రతి కాగితం ఏళ్ల తర్వాత, రాసినవాడు బదిలీ అయిపోయాక, ఇంకెవరి ముందో మాట్లాడాలి.

నిలబడని కేసు గురించీ చెప్పాలి. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఒక్కరోజులో ఎగసిన గొడవ కాదది. అంతకు ముందు వారాల తరబడి ఊళ్లో సాంఘిక బహిష్కారం నడిచింది. ఊళ్లో పోలీసు పికెట్టు ఉంది. పికెట్టు ఉండగానే అది జరిగింది. విచారణ కోసం చుండూరులోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. 2007లో 21 మందికి జీవిత ఖైదు పడింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయిందని శిక్షలన్నీ కొట్టేసింది. ఊళ్లో నలుగురు కానిస్టేబుళ్లని కూర్చోబెట్టడమే శాంతిభద్రతలు అనుకోకూడదని నాకు నేర్పింది ఆ ఊరే. ఒక వాడకి నీళ్లు, కూలీ, దుకాణం మూసుకుపోయినప్పుడు, ఆ బహిష్కారం మీద మొదటి వారంలోనే కేసు కట్టి బాధ్యుల్ని కటకటాల వెనక్కి పంపడం పోలీసు పని. అక్కడ తటస్థంగా ఉండటం అంటే బలవంతుడి పక్కన ఉండటమే.

బందోబస్తు మాట వచ్చింది కాబట్టి పండగల సంగతి కూడా. వినాయక నిమజ్జనం ఊరేగింపు ఏ వీధిలోంచి వెళ్లాలి, మసీదు ముందు డప్పులు ఎప్పుడు ఆపాలి, మొహర్రం పీర్లు ఏ దారిన వస్తాయి అన్న విషయాలు తేలేది పండగనాడు కాదు. రెండు వారాల ముందు శాంతి కమిటీ సమావేశంలో తేలతాయి. ఆ సమావేశంలో నిజంగా ఊరి పెద్దలున్నారా, పండగ చందాల పెద్దలే ఉన్నారా అన్నది సి.ఐ. చూసుకోవాలి. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో దేవరగట్టు ఉంది. విజయదశమి రాత్రి మాల మల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కర్రలతో తలపడతారు. ఏటా తలలు పగులుతాయి. పోలీసులు ఏటా ముందుగా ఊళ్లు తిరిగి నచ్చజెబుతారు, కర్రలు స్వాధీనం చేసుకుంటారు, వందలమంది సిబ్బందిని దింపుతారు. ఉత్సవం ఆగలేదు. ఒక సమాజం ఇది భక్తి అని నమ్మినప్పుడు లాఠీ ఎంతవరకు వెళ్లాలి? అక్కడ పనిచేసే అధికారి చేయగలిగింది ఆ రాత్రి ఒక్క ప్రాణమైనా పోకుండా చూడటం, అంబులెన్సులు, డాక్టర్లు దగ్గర ఉండేలా చూడటం, ఏడాది పొడుగునా ఆ ఊళ్లలో మాట్లాడుతూ ఉండటం. నేను దాన్ని ఓటమి అనను.

గోదావరి జిల్లాల సంక్రాంతి కోడిపందేలని మాత్రం నేను ఆ గాటన కట్టలేను. అది జూదం. 1974 జూద నిషేధ చట్టం, 1960 జంతుహింస నివారణ చట్టం రెండూ వద్దంటున్నాయి. పండగ ముందు బైండోవర్లు చేస్తారు, కత్తులు పట్టుకుంటారు. భోగి నాటికి బరులు లేస్తాయి, వాటి దగ్గరికి ప్రజాప్రతినిధులే వస్తారు. ఆ మూడు రోజులూ కళ్లు మూసుకోవాల్సి వచ్చిన ఎస్.ఐ. నాలుగో రోజు వీధి చివర పేకాట ఆడే కుర్రాడి మీద ఏ అధికారంతో కేసు పెడతాడు? మనమే ఆయన్ని ఆ స్థితిలో పెట్టాం.

అరెస్టు గురించి కొద్ది మాటలు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగమే చెప్పింది. అరెస్టు మెమో రాసి సాక్షి సంతకం తీసుకోవాలని, ఇంటివాళ్లకి తెలపాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అవసరం లేకుండా అరెస్టు చేయవద్దని, నోటీసు ఇచ్చి పిలవాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. ప్రతి స్టేషన్లో లాకప్ దగ్గర, వరండాలో, ఇన్‌స్పెక్టరు గదిలో కూడా కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో ఆదేశించింది. ఇవి పోలీసు చేతులు కట్టేసే నియమాలని కొందరు అధికారులు అంటుంటారు. లాకప్పులో ఒక మనిషి చనిపోతే ఆ కుర్చీలో ఉన్న అధికారి జీవితం కూడా అక్కడితో ముగిసినట్టే. ఈ నియమాలు ఖైదీకి ఎంత రక్షణో ఆయనకీ అంతే రక్షణ.

ఇప్పుడు మొదట్లో అన్న మాట, "ఎవరి మనిషంట?" అన్నది. పోల్చి చూడటానికి, అమెరికాలో చిన్న ఊళ్లలో పోలీస్ చీఫ్‌ని చాలాచోట్ల మేయరో, పట్టణ కౌన్సిలో నియమిస్తుంది. అక్కడి స్థానిక పోలీసు శాఖల్లో దాదాపు సగం పదిమందికన్నా తక్కువ అధికారులతో నడిచేవే. చీఫ్ బడ్జెట్టు గురించి కౌన్సిల్ సమావేశంలో నిలబడి ఊరివాళ్ల ప్రశ్నలకి జవాబు చెబుతాడు. ఆ పద్ధతిలో లోపాలు లేవని కాదు, ఊరి పక్షపాతాలన్నీ కూడా ఆయనకి అంటుకుంటాయి. మన దగ్గర పోలీసు రాష్ట్రం చేతిలోనిది. మునిసిపల్ కౌన్సిల్‌కి సి.ఐ. మీద ఏ అధికారమూ లేదు, ప్రశ్నించే వేదికా లేదు. ఆ ఖాళీలోకి ఎమ్మెల్యే సిఫార్సు లేఖ వచ్చి కూర్చుంది. లేఖతో వచ్చినవాడు లేఖతో పోతాడు, ఉన్నన్నాళ్లూ లేఖ ఇచ్చినవాడి వైపే చూస్తాడు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, స్టేషన్ బాధ్యుడైన అధికారికి కనీసం రెండేళ్లు ఒకేచోట పదవీకాలం ఉండాలన్నది ఒకటి. ఊరి సందులు తెలియడానికే ఏడాది పడుతుంది. పాత నేరస్థుడు ఇప్పుడు పనిలో కుదురుకున్నాడా లేదా, ఏ వీధిలో వడ్డీవ్యాపారి ఎవరి మెడ మీద కూర్చున్నాడు, ఏ కాలేజీ దగ్గర గంజాయి దొరుకుతోంది అన్న సంగతులు ఫైలులో దొరకవు, తిరిగితేనే తెలుస్తాయి. ఆరేడు నెలలకి మారే అధికారికి అవి తెలిసేలోపే వీడ్కోలు సభ అయిపోతుంది. మంచి అధికారిని ఎన్నికల ముందు, ఎన్నికల తర్వాత, నాయకుడు అలిగినప్పుడు కదిలిస్తుంటే నోరు మెదపని ఊరు, ఆ తర్వాత వచ్చినవాణ్ణి తిట్టుకుని ప్రయోజనం లేదు.

ఆ ఖాకీ వెనక మనిషిని కూడా చూడాలి. పండగ అందరికీ, డ్యూటీ వాళ్లకి. 2019 జూన్లో ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకి వారానికో రోజు సెలవు ప్రకటించినప్పుడు ఎన్నో ఇళ్లలో సంతోషపడ్డారు. కానీ సిబ్బంది కొరత ఉన్న స్టేషన్లో ఒకరికి సెలవిస్తే ఇంకొకరు రెండు డ్యూటీలు చేయాలి. రాత్రి గస్తీ తిరిగి వచ్చి, పొద్దున రోడ్డు ప్రమాదంలో నుజ్జయిన శరీరానికి పంచనామా చేసి, మధ్యాహ్నం భార్యాభర్తల తగాదా వినాల్సిన మనిషి గొంతులో ఓర్పు ఉండాలంటే ఆయన నిద్రపోయి ఉండాలి. కానిస్టేబుల్‌కి నిద్ర, నీళ్లు, శుభ్రమైన గది చూడటం కూడా సి.ఐ. బాధ్యతల్లోదే. తన పై అధికారి దగ్గర తిట్లు తిన్న కానిస్టేబుల్ వాటిని వచ్చిన ఫిర్యాదుదారు మీద దించుకుంటాడు. తన కింది మనిషిని పేరుపెట్టి మర్యాదగా పిలిచే సి.ఐ. ఉన్న స్టేషన్లో జనానికీ "అమ్మా, అయ్యా" అన్న పిలుపు వినిపిస్తుంది. ఇది నేను పలు స్టేషన్లలో చూసిన సంగతి.

చివరిగా, వింటున్న మీలో ఎవరికైనా రేపు స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. జరిగింది తేదీ, సమయం, చోటుతో సహా మీ మాటల్లో తెలుగులోనే రాసి తీసుకువెళ్లండి. రాయడం రాకపోతే చెప్పండి, రాసుకుని మీకు చదివి వినిపించడం వాళ్ల విధి. ఎఫ్.ఐ.ఆర్. నకలు అడిగి తీసుకోండి. తీసుకోబోమంటే అదే ఫిర్యాదును జిల్లా ఎస్.పి.కి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేటు కోర్టుకి వెళ్లవచ్చు. వకీలుకి ఇచ్చుకోలేని వాళ్లు మీ పట్టణంలో కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవల కమిటీ దగ్గరికి వెళ్లండి. మహిళలకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోనులో అడగాలంటే 15100. వెళ్లేటప్పుడు మాత్రం కౌన్సిలరునీ, నాయకుణ్ణీ వెంట తీసుకువెళ్లకండి. మీ ఇంటి మనిషి ఒకరు తోడుంటే చాలు.